టెంటు వేసే ముందు ఆ నేల ఎవరిదో కనుక్కోండి: వైజాగ్ చుట్టుపక్కల కొండలు, బీచ్‌లు తిరిగేవాళ్ల కోసం

చలికాలం వచ్చిందంటే వైజాగ్‌లో సగం ఫోన్లలోకి ఒకటే రకం మెసేజ్. పొగమంచులో తీసిన ఫొటో, ఒక లొకేషన్ పిన్ను, కింద “ఎవరికీ తెలియని స్పాట్, ఎంట్రీ ఫ్రీ, టెంట్ వేసుకోవచ్చు” అని. వెంటనే గ్రూపులో ఒకరు “పర్మిషన్ కావాలా?” అంటారు, ఇంకొకరు “అబ్బే, ఎవరూ అడగరు” అంటారు, శనివారం సాయంత్రానికి నాలుగు బైకులు ఘాట్ ఎక్కేస్తాయి.

పర్మిషన్ సంగతి తర్వాత. ముందు ఆ నేల ఎవరిదో తెలియాలి, అది తెలిస్తే ఎవరిని అడగాలో దానంతట అదే తేలిపోతుంది. మన చుట్టుపక్కల ఖాళీగా కనిపించే స్థలం బోలెడుంది గానీ ఎవరిదీ కాని స్థలం సెంటు కూడా లేదు. అటవీ శాఖదో, రెవెన్యూదో, నేవీదో, పోర్టుదో, దేవస్థానానిదో, రైల్వేదో, ఏదీ కాకపోతే కొండవాలులో రాజ్మా, పసుపు పండించుకునే గిరిజన రైతుదో అయ్యుంటుంది. ఎవరి నేలకి వాళ్ల రూలు.

పిన్ను నుంచి సర్వే నంబరు దాకా

మీ దగ్గరున్న పిన్నుని మ్యాపులో తెరిచి అది ఏ మండలంలో, ఏ రెవెన్యూ గ్రామంలో పడుతోందో చూడండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే మ్యాపులో కనపడేది ఏదో శివారు గూడెం పేరు, రికార్డుల్లో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు, రెండూ కలవవు. ఇంకోటి, 2022 ఏప్రిల్ 4న పాత విశాఖ జిల్లా మూడుగా విడిపోయింది కదా. అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి ఇవేవీ ఇప్పుడు విశాఖ జిల్లాలో లేవు, పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. లంబసింగి గురించి వైజాగ్ కలెక్టరేట్‌లో అర్జీ పెడితే వాళ్లు చెయ్యగలిగింది ఏమీ ఉండదు, మీకు ఒక రోజు సెలవు దండగ.

మండలం, గ్రామం తేలాక ప్రభుత్వ భూ రికార్డులుండే మీభూమి వెబ్‌సైట్‌కి వెళ్లండి. అందులో అడంగల్ (ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎలాంటి భూమో రాసుండే రికార్డు), 1బీ (ఒకరి పేరు మీదున్న భూముల వివరం), గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) దొరుకుతాయి. ముందు గ్రామ పటం తీసి, మీరు వెళ్లబోయే చోటికి దగ్గర్లో ఉన్న చెరువు, గెడ్డ, రోడ్డు మలుపు లాంటివి పట్టుకుని అది సుమారుగా ఏ సర్వే నంబర్లోకి వస్తుందో గుర్తించండి. తర్వాత ఆ నంబరుతో అడంగల్ తీయండి. గళ్లు చాలా ఉంటాయి, కంగారు పడొద్దు, మీకు కావలసినవి రెండే: పట్టాదారు పేరు, భూమి స్వభావం. మనిషి పేరుంటే అది ఆ మనిషిది. కొండ పోరంబోకు, వాగు పోరంబోకు, గయాళు, బంజరు లాంటి మాట ఉంటే ప్రభుత్వానిది, తహసీల్దార్ చూసుకునేది. డి-పట్టా అని కనపడితే పేదవాళ్లకి సాగు చేసుకోమని ప్రభుత్వం ఇచ్చినది, అలాంటి భూముల అమ్మకాలకి 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అడ్డుంటుంది. అక్కడ ఎవరైనా “మాది సొంత ఎస్టేట్ అండీ, క్యాంపింగ్ ప్యాకేజీ” అంటే కాస్త అనుమానించండి. అనుమానం మరీ గట్టిదైతే రిజిస్ట్రేషన్ శాఖ దగ్గరుండే 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో, ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి, ఉంటే ఇక ఆ ప్యాకేజీ జోలికి పోవద్దు.

రిజర్వ్ ఫారెస్ట్ అయితే చాలాచోట్ల గ్రామ పటంలో సర్వే నంబర్లు ఆగిపోయి, అవతల అంతా ఒకే పెద్ద బ్లాకులా కనపడుతుంది. నేల మీద చూస్తే సరిహద్దు వెంట కట్టిన రాళ్ల గుట్టలు, నంబరు వేసిన స్తంభాలు ఉంటాయి, తుప్పల్లో కలిసిపోయి ఉంటాయి కాబట్టి వెతికితేనే కనపడతాయి. అది దాటారంటే మీరు అడవిలో ఉన్నట్టే, గేటు గానీ బోర్డు గానీ లేకపోయినా సరే.

ఆన్‌లైన్‌లో ఇదంతా చూసే ఓపిక లేకపోతే గ్రామ సచివాలయానికి వెళ్లి వీఆర్వోనో సర్వేయర్‌నో అడగండి. “ఫలానా కొండ మీదికి వెళ్దామనుకుంటున్నాం, అది ఫారెస్టా, రెవెన్యూనా, పట్టానా?” అని సూటిగా అడిగితే చాలు, వాళ్లకి నోటికొచ్చు.

అడవి అయితే

అడవిలో రెండు రకాలున్నాయి, వాటికి వేరే వేరే చట్టాలు, ఇది కలగాపులగం చేసుకోవద్దు.

మొదటిది అభయారణ్యం. మనకి ఊళ్లోనే ఉంది, కంబాలకొండ. హనుమంతవాక దాటాక హైవే పక్కన, జూ వెనకాల, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. 1970 దాకా విజయనగరం రాజుల ఆధీనంలో ఉండి, తర్వాత అటవీ శాఖ చేతికొచ్చి, 2002లో అభయారణ్యం అయింది. చిరుతలున్నాయి, నిజంగానే ఉన్నాయి, పక్క కాలనీల వాళ్లని అడగండి చెబుతారు. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అనుమతి లేకుండా అడుగు పెట్టడమే తప్పు. ఫొటోలకైనా, పరిశోధనకైనా, విహారానికైనా పర్మిట్ ఉండాలని 28వ సెక్షన్ చెబుతుంది. మామూలు సందర్శకులకి ఆ పర్మిట్ అంటే ఎకో టూరిజం గేటు దగ్గర కొనే టిక్కెట్టే. టిక్కెట్టు కొన్నాం కదా అని అడవంతా తిరిగేయడానికి లేదు, వాళ్లు చూపించిన దారుల్లోనే, వాళ్లు చెప్పిన టైములోనే నడవాలి. లోపలికి పొడుగ్గా వెళ్లాలనుకుంటే గైడుని అడగండి. కాలనీల వెనకనుంచి కొండ ఎక్కేసి అటువైపు దిగిపోదాం అనే ప్లాన్లు ఈ మధ్య బాగా వినపడుతున్నాయి. ఆ దారిలో టిక్కెట్టు కౌంటరు ఉండదు కాబట్టి మీ దగ్గర పర్మిట్ ఉండదు, పట్టుబడితే వన్యప్రాణి చట్టం కింద కేసు. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనలకి మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఒక ఆదివారం పొద్దున నడకకి అంత రిస్కు ఎందుకు చెప్పండి.

రెండోది రిజర్వ్ ఫారెస్ట్. ఇది 1967 నాటి ఏపీ అటవీ చట్టం కిందికి వస్తుంది. అనుమతి లేని ప్రవేశం ఇక్కడా నేరమే, కానీ రూలు అభయారణ్యమంత బిగుతుగా ఉండదు, పగటి పూట నడిచి వస్తామంటే రేంజ్ ఆఫీసర్ స్థాయిలోనే మాట్లాడుకోవచ్చు. రాత్రి ఉండాలంటే జిల్లా అటవీ అధికారికి (డీఎఫ్ఓ) రాయాలి, అది కూడా ఇస్తారన్న నమ్మకం పెట్టుకోకండి. ఎకో టూరిజం కింద పెట్టి, టిక్కెట్టు తీసుకుని పంపే చోట్లు కొన్నున్నాయి, పాడేరు దగ్గర వంజంగి మేఘాల కొండ అలాంటిదే, అక్కడ టిక్కెట్టు ఇచ్చే దారిలోనే ఎక్కండి. అడ్డదారిలో తీసుకెళ్తానని వందో రెండొందలో అడిగే కుర్రాళ్లు తగులుతారు, వాళ్లతో పోవద్దు.

నిప్పు గురించి మాత్రం రెండు అడవుల్లోనూ ఒకటే మాట, రాజేయకూడదు. క్యాంప్ ఫైర్ లేకుండా క్యాంపింగ్ ఏంటి అంటారా, అయితే పట్టా భూమిలో వేసుకోండి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా అడవిలో ఆకంతా ఎండి ఉంటుంది, గాలి కొండపైకి వీస్తుంది, చిన్న నిప్పురవ్వ చాలు మొత్తం వాలంతా అంటుకోవడానికి. ఆ నెలల్లో ఫారెస్టు వాళ్లు మంటలార్పే పనిలోనే ఉంటారు, పొగ కనపడితే ముందు పరిగెత్తుకొచ్చేది మీ టెంటు దగ్గరికే. చిన్న గ్యాస్ స్టవ్వు తీసుకెళ్తే తప్పేముంది అని అడుగుతారు. అడవిలో అదీ నిప్పే. ఇంట్లోంచి పులిహోర కట్టుకెళ్లండి.

ఏజెన్సీ అయితే

ఇది కాస్త నిదానంగా చదవండి, మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఇదే.

అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి అవన్నీ ఏజెన్సీ, అంటే గిరిజనుల కోసం ప్రత్యేక రూళ్లున్న షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణని అందరూ 1/70 చట్టం అంటారు. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి అమ్మడానికి లేదు, తాకట్టు పెట్టడానికి లేదు, కౌలుకో లీజుకో ఇవ్వడానికి కూడా లేదు. లీజు కూడా అన్నమాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఒకరి దగ్గర కాగితం రాయించుకుని, రెండెకరాలు లీజుకు తీసుకుని, టెంట్లు, డీజే, బార్బెక్యూ పెట్టి నడిపే బయటివాళ్ల క్యాంపులు ఆ కాగితం మీద నిలబడవు, అది చెల్లదు. ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతర కంపెనీలకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మనం రైలెక్కి చూడ్డానికి వెళ్లే బొర్రా గుహల చుట్టుపక్కలే. “అరకులో ఫామ్ ప్లాట్లు, ఎకరం ఇంత, రిజిస్ట్రేషన్ మేం చూసుకుంటాం” అని ఫోన్ చేసేవాళ్లకి ఇక మీరేం చెప్పాలో నేను చెప్పక్కర్లేదు.

మరి ఒక రాత్రి టెంటు వేసుకోవాలంటే? రైతు తన పొలం గట్టు మీద మీకు చోటిచ్చి, తన ఇంట్లో బొంగు చికెన్ వండి పెట్టి, మీ దగ్గర డబ్బు తీసుకోవడం లీజు కాదు, దానిలో తిరకాసు ఏమీ లేదు, పైగా డబ్బు నేరుగా ఆ ఇంటికే పోతుంది. నా ఓటు ఎప్పుడూ దీనికే. కాకపోతే ఆ చోటు నిజంగా ఆ రైతుదేనా అన్నది చూసుకోవాలి. ఏజెన్సీలో చాలా పోడు భూములకి 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలిచ్చారు. వాటి హక్కు రైతుకీ, అతని వారసులకీ, చేతులు మారదు, భూమి మాత్రం అడవి లెక్కలోనే ఉంటుంది. అందుకని అలాంటి చోట బయటివాళ్లు రాత్రి మంటలేస్తే ఫారెస్టు వాళ్లు అడిగేది ఆ రైతునే. మీరు తెల్లారి వైజాగ్ దిగిపోతారు, పట్టా ఉంటుందా పోతుందా అని టెన్షన్ పడేది అతను.

అడిగే పద్ధతి కూడా ఉంది. చీకటిపడ్డాక టార్చిలైట్లు వేసుకుని గూడెంలోకి దిగొద్దు. మధ్యాహ్నానికే వెళ్లి, బళ్లు ఊరి మొదట్లో ఆపి, ఎవరైనా పెద్దాయన కనపడితే ఆగి మాట్లాడండి. “ఎక్కడోలు బాబూ? రాత్రుంటారేటి?” అని ముందు ఆయనే అడుగుతాడు. ఎంతమంది, ఎక్కడ పడుకుంటారు, ఎప్పుడు వెళ్తారు, తాగుతారా, ఇవన్నీ అడుగుతాడు, అడగనివ్వండి, ఓపిగ్గా చెప్పండి. “తాతా, ఈ స్థలం ఎవరిది?” అని మీరు అడిగితే చేయి చాపి ఆ గట్టు దాకా ఒకరిది, ఆ చింతచెట్టు నుంచి ఇంకొకరిది, పైన అడివి అని చూపిస్తాడు. మీభూమిలో మీరు గంటసేపు వెతికింది అక్కడ నిమిషంలో తేలుతుంది, పైగా ఆన్‌లైన్‌లో లేనివి కూడా చెబుతాడు: ఊరి దేవత ఉండే తోపు, పండగ రోజుల్లో బయటివాళ్లు రాకూడని దారి, తాగునీళ్ల ఊట. ఊట దగ్గర సబ్బుతో స్నానం చేయొద్దని అక్కడ ఎవరూ బోర్డు పెట్టరు, కానీ అదే పెద్ద తప్పు. ఒకరు సరేనన్నారని ఊరంతా సరేనన్నట్టు కాదు, వార్డు మెంబరుకో సర్పంచ్‌కో కూడా ఒక మాట చెప్పండి. పదిహేను ఇరవై మంది వెళ్తుంటే మాత్రం మాటతో సరిపెట్టుకోవద్దు, పంచాయతీకి ముందే కాగితం ఇవ్వండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకి 1996 పెసా చట్టం ఇచ్చిన బలం ఎక్కువ, అక్కడ ఊరు వద్దందంటే వద్దనే.

కాఫీ తోటల గురించి ఒక మాట. కొన్ని గిరిజన రైతులవి, కొన్ని అటవీ అభివృద్ధి సంస్థవి, బయటినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి, సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ. ఫొటోల కోసం లోపలికి దూరకండి, పండు కోయకండి. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు బయటపడ్డప్పటినుంచి రైతులు కాయ మీద ఎవరు చెయ్యి వేసినా ఊరుకోవట్లేదు, వాళ్ల భయం వాళ్లది.

సముద్రం పక్కన అయితే

ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోడ్డు వెంట పోతుంటే ఇసుక అంతా ఒకేలా కనపడుతుంది గానీ కింద యజమానులు మారుతూనే ఉంటారు. పోటు హద్దుకి, పాటు హద్దుకి మధ్య ఉండే ఇసుక ప్రభుత్వానిది, ఏ రిసార్టూ దాన్ని మాదే అని తాడు కట్టుకోలేదు. పోటు హద్దు నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా తీర ప్రాంత నియంత్రణ జోన్, అంటే సీఆర్‌జడ్. అందులో పట్టా భూమి ఉన్నా యజమానికి ఇష్టమొచ్చినట్టు కట్టడానికి లేదు. ఇది మీకెందుకు అంటే, బీచ్ పక్కన సిమెంటు దిమ్మెలేసి పర్మనెంటుగా కట్టిన “బీచ్ క్యాంప్”కి డబ్బు కట్టే ముందు, వాళ్ల దగ్గర అనుమతి ఉందో లేదో అడిగే హక్కు మీకుంది. మధ్యలో కూల్చివేతకి వస్తే మీ అడ్వాన్సు గాల్లో కలిసినట్టే.

మీరు సాయంత్రం వెళ్లి కూర్చుని రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాత్రంతా టెంటు వేసి ఉండాలంటే మాత్రం ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి, మంట వేయకూడదు, తాగకూడదు, బహిరంగంగా తాగితే కేసు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో కారణం కూడా ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ వైపు అటవీ శాఖ గుడ్లని ఏరి హేచరీల్లో పెడుతుంది. పిల్లలు బయటికొచ్చాక వెలుతురు వైపు పాకుతాయి, సముద్రం వైపు పోవాల్సినవి మీ లైట్ల వైపొచ్చి చచ్చిపోతాయి. ఇవి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జీవాలు, అంటే ఇక్కడ కేసు పెడితే గట్టి కేసే పెడతారు.

మంగమారిపేట, చేపలుప్పాడ లాంటి చోట్ల బీచ్ అంటే మత్స్యకారుల వాకిలి. పడవలు లాగే దారిలో, వలలు ఆరేసే చోట టెంటు వేయొద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, ఖాళీ ఉండదు. పడవలో కాసేపు తిప్పమని డబ్బిస్తామంటే తిప్పేవాళ్లు ఉంటారు, కానీ ఆ పడవకి ఉన్నది వేట లైసెన్సు, మనుషుల్ని ఎక్కించుకునే లైసెన్సు కాదు. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు అని కూడా చెప్పను, అసలు ఎక్కొద్దనే చెబుతా. రుషికొండలో పర్యాటక శాఖ బోట్లున్నాయి, అవి ఎక్కండి.

ఎర్రమట్టి దిబ్బలు వేరే లెక్క. 2014లో జియాలజికల్ సర్వే జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. చూసి రండి, నడిచి రండి, బైకులు ఎక్కించొద్దు, గుప్పెడు మట్టి కూడా సీసాలో పోసుకుని తేవద్దు. వాన నీళ్లు వేల ఏళ్లుగా చెక్కిన అంచు ఒక్క టైరు కింద రాలిపోతుంది.

నేవీ స్థలం సంగతి క్లుప్తంగా చెబుతా. యారాడ వైపు డాల్ఫిన్ నోస్ కొండ, భీమిలి దగ్గర ఐఎన్ఎస్ కళింగ, ఇలా ఎక్కడ ముళ్ల కంచె, నీలం బోర్డు కనపడినా అక్కడితో ఆగిపోండి. బతిమాలడం, “ఒక్క ఫొటో సార్” లాంటివి పనిచేయవు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా బతికే ఉంది.

గుళ్లు, బౌద్ధ కొండలు, రైలు పట్టాలు

తొట్లకొండ, బావికొండ రాష్ట్ర పురావస్తు శాఖవి. పగటి పూట తెరిచి ఉంటాయి, టిక్కెట్టు కొని వెళ్లడమే. సూర్యోదయం కోసం తెల్లవారుజామున గోడ దూకే బ్యాచ్‌లున్నాయి, ఎందుకో నాకర్థం కాదు, ఎదురుగా మంగమారిపేట బీచ్‌లో శిలాతోరణం దగ్గర నిలబడితే అదే సూర్యుడు ఇంకా బాగా కనపడతాడు.

సింహాచలం కొండ చుట్టూ ఉన్నది చాలావరకు దేవస్థానం భూమి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం పంచగ్రామాల భూముల గొడవ వైజాగ్‌లో తెలియనివాళ్లుండరు. మాధవధార మెట్ల దారిలో భక్తులు ఎప్పట్నుంచో నడుస్తున్నారు, మీరూ నడవొచ్చు. మెట్లు వదిలేసి పక్కకి దిగితే మాత్రం అది దేవస్థానందా, ఫారెస్టుదా అన్నది దేవస్థానం ఆఫీసులోనే అడగాలి.

ఇక కొత్తవలస-కిరండూల్ లైను. బొర్రా, శివలింగపురం, చిమిడిపల్లి వైపు పట్టాల వెంట నడిచి, సొరంగాల్లోంచి జలపాతాల దగ్గరికి వెళ్లే వీడియోలు తెగ తిరుగుతున్నాయి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అని రాసుంది, కానీ అసలు భయం అది కాదు. అది ఇనుప ఖనిజం బళ్లు తిరిగే లైను, సొరంగంలో పక్కకి తప్పుకునే చోటు ఉండదు. కటికి జలపాతానికి జీపులెళ్లే దారుంది, అది పట్టుకోండి.

డ్రోన్ ఉంటే

ఇంట్లోంచి బయల్దేరే ముందే డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. ఎరుపులో ఉంటే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు, పసుపులో ఉంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. మన విమానాశ్రయం నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది, దానికి తోడు నౌకాదళ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల దాకా డ్రోన్లు నిషేధమని తూర్పు నౌకాదళం చెబుతూనే ఉంటుంది. ఈ రెండూ కలిపి మ్యాపులో పెట్టి చూస్తే నగరంలో మిగిలేది పెద్దగా ఏమీ లేదు. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కి పైలట్ లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే, అలాగని ఎక్కడైనా ఎగరేయొచ్చని కాదు, చాలామంది ఈ రెండూ ఒకటనుకుంటారు. అభయారణ్యంలో అయితే ఆకాశం ఏ రంగులో ఉన్నా అటవీ శాఖ అనుమతి విడిగా కావాలి.

అర్జీ ఎలా రాయాలి

వెళ్లే తేదీకి కనీసం రెండు వారాల ముందు ఇవ్వండి. తెల్లకాగితం చాలు. ఇలా రాయండి:

“ఫలానా మండలం, ఫలానా గ్రామం పరిధిలోని ఫలానా కొండ మీదికి ఫలానా తేదీ ఉదయం ఆరు గంటల నుంచి సాయంత్రం నాలుగు గంటల వరకు మేం ఎనిమిది మంది కాలినడకన వెళ్లి రావడానికి అనుమతి కోరుతున్నాం. నిప్పు రాజేయం, రాత్రి ఉండం, డ్రోన్ ఎగరేయం, మేం తెచ్చిన చెత్త మేమే వెనక్కి తెస్తాం. పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, బళ్ల నంబర్లు జతచేశాం. దారి గుర్తించిన మ్యాపు కూడా జతచేశాం.”

ఆ మ్యాపు మర్చిపోవద్దు. ఏ దారిలో ఎక్కి ఏ దారిలో దిగుతారో గీత గీసి ఇస్తే రేంజ్ ఆఫీసర్ ఫోన్ తీసి బీట్ ఆఫీసర్‌ని అడిగి అక్కడికక్కడే చెప్పేస్తారు, గీత లేకపోతే ఫైలు పైకి పోతుంది, పైకి పోయిన ఫైలు ఎప్పుడు కిందికొస్తుందో మీకు తెలిసిందే. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. అయితే ముట్టినట్టు స్టాంపు అనుమతి కాదు, ఇది గట్టిగా చెబుతున్నా, ఎందుకంటే ఆ స్టాంపు కాగితం పట్టుకుని చెక్‌పోస్టులో వాదించేవాళ్లు బాగానే ఉన్నారు. ఎంతకీ జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు. ఆ భూమి ఎవరిదో కూడా చెప్పట్లేదంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో చెప్పాలి.

వెళ్లే రోజు

అనుమతి కాగితం ఫోన్లో ఫొటో ఒకటి, జేబులో జిరాక్సు ఒకటి. ఘాట్ ఎక్కితే సిగ్నల్ ఉండదు. చెక్‌పోస్టుల్లో బళ్లు ఆపి వెతుకుతారు, గంజాయి కోసం, తిరుగు ప్రయాణంలో ఇంకా గట్టిగా వెతుకుతారు, సీటు కింద కూడా. చిరాకు పడొద్దు, సామాను విప్పి చూపించండి. దారిలో ఎవరైనా “కింద మా తమ్ముడికి ఈ సంచీ ఇచ్చెయ్యి అన్నా” అంటే, మనిషి ఎంత అమాయకంగా కనపడినా, తీసుకోవద్దు. రాత్రి ఉంటుంటే దగ్గరి పోలీస్ స్టేషన్‌లో పేర్లు ఇచ్చి వెళ్లండి, అది మీ మంచికే.

ఎవరైనా ఆపి ఇది మా స్థలం, వెళ్లిపోండి అంటే వెళ్లిపోండి. దారి తప్పి ఒకరి పొలంలో అడుగు పెట్టినంత మాత్రాన నేరం కాదు గానీ, పొమ్మన్నాక కూడా వాళ్లని ఇబ్బంది పెట్టాలనో బెదిరించాలనో అక్కడే ఉంటే భారతీయ న్యాయ సంహిత 329 కింద అక్రమ ప్రవేశం, మూడు నెలల దాకా జైలు గానీ ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఎవరు కరెక్టో అక్కడ తేల్చుకోవద్దు, దిగొచ్చాక సర్వే నంబరుతో తేల్చుకోవచ్చు.

ఫారెస్టు వాళ్లు ఆపితే పేరు, ఊరు చెప్పండి, పారిపోవద్దు. చిన్న తప్పులకి కాంపౌండింగ్ ఫీజు కట్టించుకుని వదిలే వీలుంది, కట్టాల్సి వస్తే రసీదు అడగండి. రసీదు లేని డబ్బు ఫీజు కాదు. ఇంకోటి, ఈ మధ్య తలకి ఇంత అని వసూలు చేసి ట్రెక్కులకి తీసుకెళ్లే గ్రూపులు ఎక్కువయ్యాయి. డబ్బు పంపే ముందు అనుమతి కాగితం ఫొటో పెట్టమనండి, దాని మీద తేదీ, మనుషుల సంఖ్య, కొండ పేరు చూడండి. పోయిన ఏడాది కాగితం పెట్టి తేదీ మీద బొటనవేలు అడ్డం పెట్టే ఆర్గనైజర్లు కూడా ఉన్నారు.